గోడలో జారిన చారలు

మా రేపల్లె వైపు పొలాల్లో రాయన్నది కనబడదు. చిన్నప్పుడు నేను చూసిన రాళ్లల్లా తెనాలి రైలుపట్టాల కింది కంకరే. అలాంటివాణ్ణి, 1960ల్లో పోయిపోయి జియాలజీలో చేరాను.

రాయి పగిలినా ముక్కలు ఉన్నచోటే ఉంటే అది జాయింటు, పగులు వెంట ఒక పక్క కిందికి జారినా, పైకెక్కినా, పక్కకు తొలగినా ఫాల్టు అని మాస్టారు చెబుతుంటే నాకు మా నల్లరేగడి నెర్రెలే కళ్లముందు ఆడేవి. వేసవి మధ్యాహ్నాలు వాటి పక్కన బోర్లా పడుకుని లోపలికి చూసేవాణ్ణి. చల్లటి మట్టివాసన, అడుగు తెలియని చీకటి. నేల నిద్రలో నోరు తెరిచినట్టుండేది. అలా చూస్తూ అన్నం వేళ కూడా మరిచిపోయేవాణ్ణి.

సెలవులకు ఇంటికొస్తే నాయనమ్మ గది గోడ నిలువునా పగిలి ఉంది. నాన్న తేలిగ్గా తీసేశాడు.

"ఎండకు నెర్రిచ్చింది. కాలవ నీళ్లొస్తే అదే పూడుద్ది. మనూళ్లో పగలని గోడేది?"

నేనూ చూశాను. ఏటా ఉగాదికి నాయనమ్మ పగుళ్లు పూడ్చి, వెల్లవేసి గోడ పొడవునా గీసే ఎర్రమట్టి చార పగులుకు రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉంది. జాయింటేనని తేల్చేశాను. చదువుకున్నవాణ్ణి గదా! ఆ గోడ పక్కనే ఆమె మంచం.

ఓ మధ్యాహ్నం ఆ మంచం మీద కునుకుతూ, ఊరికే గోరుతో వెల్ల గీకుతున్నాను. పెచ్చు ఊడింది. కింద నిరుటి చార, దాని కింద ముందటేడుది. పగులుకు ఎడమ పక్క అన్నీ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. కుడి పక్క మాత్రం పాతవయ్యే కొద్దీ కిందికి దిగాయి. అన్నిటికన్నా పాతది బెత్తెడు కింద ఉంది. గోడ ఏళ్లుగా జారుతోంది.

నాయనమ్మను పిలిచి చూపించాను.

"తెలుసులేరా" అంది. "ఏటేటా కాస్త పైకెత్తి కలుపుతున్నానని నా చేతికి తెలీదూ? మీ నాన్నకు చెప్పమాక. గది పడగొట్టి నన్ను బాపట్లలో మీ బాబాయి ఇంటికి పంపుతాడు. మీ తాత పోయింది ఈ గదిలోనేరా."

చెప్పేశాను. చెప్పకుండా ఎలా ఉంటాను? వారం తిరక్కుండా ఆమెను బాపట్ల పంపారు. తొలకరికి గోడ కూలింది.

బాపట్ల వెళ్లి ఆ సంగతి చెప్పాను.

"ఏ పక్కకు పడింది?" అని అడిగింది.

"మంచం పక్కకే, నాయనమ్మా."



"అయితే నీ మూలాన ఇంకా బతకాలన్నమాట" అని అటు తిరిగి పడుకుంది.