మాలకొండయ్య మొహం

ఉదయగిరి పక్క పల్లె సర్పంచి మాలకొండయ్య రోజూ పొద్దున ఆరున్నరకు ఫేస్‌బుక్‌లో లైవ్ పెడతాడు. ఆ లైవ్‌లో ఆయన మొహం తప్ప ఇంకేదీ కనపడదు. మనిషికి ఉన్న జబ్బు అదొక్కటే.

కొత్త బోరు వేయించిన రోజు వీడియోలో నీళ్ల చప్పుడు వినపడింది, మీసం కనపడింది. సిమెంటు రోడ్డు పూర్తయినప్పుడు "ఈ రోడ్డు చూడండి" అన్నాడు. మేం ఎడమ కనుబొమ చూశాం. ఇంకోసారి "నా ఎనక ఉదయగిరి కొండ ఉండాది, నమ్మండి" అని బతిమాలాడు. అంత కొండనూ కప్పేశాడు.

నేను ఇరవై రెండేళ్లుగా ఇక్కడ విలేకరిని. రోడ్డు వార్తకు ఆయన వీడియోలోంచే ఫొటో తీసి పంపితే డెస్కు నుంచి ఫోనొచ్చింది.

"రోడ్డు పంపమంటే ముక్కు పంపావేంటయ్యా?"

"ఆ ముక్కు వెనకే రోడ్డుంది సార్."

ఇంట్లోనూ అదే గోల. "మనవరాలి పుట్టినరోజని వీడియో పెట్టినాడు. కేకూ లేదు, బిడ్డా లేదు" అంటుంది ఆయన భార్య కామాక్షమ్మ. "చూసినోళ్లంతా ఈయనకే శుభాకాంక్షలు చెప్పినారు."

నవ్వులాట అక్కడితో ఆగేదే. కానీ ఆయనకు జడ్పీటీసీ టికెట్ కావాలి. పన్నెండేళ్లుగా అడుగుతున్నాడు. ఇదివరకు పార్టీవాళ్లు నాయకుడి గురించి ఊళ్లో విచారించేవారు. ఇప్పుడు ఫోన్లో విచారిస్తున్నారు. పోటీలో ఉన్నాయనకు లక్షా పదివేలమంది ఫాలోవర్లు. కాపురం ఆత్మకూరులో, మండలానికి వచ్చేది రీల్ తియ్యడానికి. బియ్యం మూట ఇచ్చాడంటే ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి, పుచ్చుకున్నవాళ్ల కన్నీళ్లు, వెనక సంగీతం, అన్నీ ఉంటాయి.

చివరి పరీక్షగా పార్టీ సోషల్ మీడియా చూసే నవ్యశ్రీ నెల్లూరు నుంచి వచ్చింది. గాలివానకు చెరువు పక్క కాలనీలో వెంగమ్మ ఇంటికప్పు ఎగిరిపోయింది. మాలకొండయ్య సొంత డబ్బుతో రేకులు కొన్నాడు. మేం ముగ్గురం రేకుల ఆటో వెనకాలే వెళ్లాం.

"అన్నా, ఈ ఒక్క వీడియో బాగా వస్తే టికెట్ మీదే. ఆమె మొహం కనపడాలి. ఏడిస్తే ఇంకా మంచిది."

"అట్నేమ్మా" అని ఫోను ఎత్తాడు. "నమస్కారం. ఇక్కడ రేకులుండాయి, మనుషులుండారు, అంతా బాగుండారు."

తెర నిండా మీసం.

"కొంచెం పక్కకి అన్నా!"

ఆయన పక్కకు జరిగాడు. ఫోనూ ఆయనతోపాటే జరిగింది. ఇక లాభం లేదని నవ్యశ్రీ తన ఫోను తీసి వెంగమ్మ మీద పెట్టింది. మాలకొండయ్య ఒక్క అంగలో వచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"నీ ఫోన్లో నేనెట్ట పడతానో చూపీమ్మా."

"మీకు మీ మొహమంటే అంత ఇష్టమా అన్నా?" అని విసుక్కుంది.

"ఇష్టమే గదమ్మా. ఉండేది ఒక్కటే మొహం."

మేం కదలబోతుంటే వెంగమ్మ మమ్మల్ని ఆపింది. "ఆయన్ని తిట్టొద్దండయ్యా. మూడేళ్ల నాడు ఇంకో నాయకుడు బియ్యమిస్తా నన్నూ నా బిడ్డనీ ఫోన్లో తీసినాడు. ఆత్మకూరు కాలేజీలో అందరూ అదే చూసినారంట. మా ప్రసన్నకుమారి ఇంక కాలేజీకి పోనని కూర్చునింది. ఈయన పది దినాలు ఇంటిచుట్టూ తిరిగి, మళ్లీ పంపించినాడు. అప్పటినుంచే ఈయన మొహం అడ్డమొచ్చేది."

నాకింకా ఒక అనుమానం మిగిలింది. ఆయన్నే అడిగాను.

"సరే, మనుషులకు అడ్డం వస్తావు. కొండకెందుకు అడ్డం?"

"ఏమయ్యా, ఇన్నేళ్లు పేపర్లో ఏం జేసినావు? సాయం జేసేటప్పుడే అడ్డమొస్తే ఎవర్నో దాస్తా ఉండానని జనం కనిపెట్టరా? కొండకీ రావాల, కేకుకీ రావాల. అప్పుడే ఎర్రిమొహమోడని వదిలేస్తారు. ఎలక్షన్ అయిందాకా రాయబాకు."

నవ్యశ్రీ అంతా విని ఫోను సంచిలో పెట్టుకుంది.

సోమవారం జాబితా వచ్చింది. నవ్యశ్రీయే మాలకొండయ్యకు ఫోన్ చేసింది. నేను అప్పుడు ఆయన వాకిట్లోనే ఉన్నాను.

"సారీ అన్నా. ఆత్మకూరు ఆయనకే ఇచ్చారు."

మాలకొండయ్య కాసేపు మీసం దువ్వుకున్నాడు. "పోనీలేమ్మా. ఆయనకి ఒక మాట జెప్పు. వెంగమ్మ పక్కిల్లు కూడా కారతా ఉండాది. రేకులు తెమ్మను. ఆయన మొహం మాత్రమే తీసుకోమను. ఆయనదీ పెద్ద మొహమే గదా."

గురువారం అభ్యర్థి వచ్చాడు. ఫోను నవ్యశ్రీ పట్టుకుంది. వీడియో నిండా అభ్యర్థి మొహమే, చెవులు కూడా పట్టలేదు.

వెంగమ్మ పక్కింటిమీదికి ఎక్కిన రేకులు ఎనిమిది.