ఉడకబెట్టిన తవుడు

మండపేట మిల్లుల వెనక కాలవగట్టున పాపాయి పందుల్ని పెంచేది. ఊళ్లోవాళ్లు ఆమె ఎదురైతే ముక్కు మూసుకునేవారు, మాంసం కావలసినప్పుడు మాత్రం "పాపాయమ్మా" అని నోరారా పిలిచేవారు. "వాసన నాదీ, రుచి మీదీనండి" అని నవ్వేసేది. మొగుడు పోయాక ఆ నవ్వుతోనే ఒంటరి బతుకు నెట్టుకొచ్చింది.

తొంభై ఆరు తుఫానుకి గుడిసె ఎగిరిపోయింది, మందంతా నీటిపాలైంది. నిండు చూడితో ఉన్న ఒక్క పందిని మాత్రం తాడు కట్టి ఈడ్చుకుంటూ బడి అరుగు మీదికి చేర్చింది. అక్కడ తలదాచుకున్న జనం తిట్టారు. "మీ పిల్లల్ని మీరు తెచ్చుకోలేదేటండి? నాదాన్ని నేను తెచ్చుకున్నాను" అంది. నెల తిరక్కుండానే అది ఎనిమిది పిల్లల్ని ఈనింది. ఇక లోకంలో పాపాయికంటూ ఉన్నవి ఆ తొమ్మిది ప్రాణాలే.

పిల్లలు మేత మరిగే వేళకి కరువొచ్చిపడింది. కుడితి పోసే ఇళ్లవాళ్లకే గంజి కరువు. మిల్లులో తడిసిన తవుడు గడ్డకట్టి, పచ్చగా బూజు పట్టి పడి ఉంది. "పారబోసేదే, కావాలంటే పట్టుకుపో. కానీ జాగ్రత్తే పాపాయీ" అన్నాడు మేస్త్రీ సామ్యేలు. ఆకలి రుచెరగదంటారు, దానికి జాగ్రత్త మాత్రం ఎక్కడిది? పాపాయికి తెలిసిన శాస్త్రం ఒక్కటే, మరిగిస్తే ఎంత చెడుగైనా చస్తుందని. పెళ్లిళ్ల పాచికూడు కూడా ఆమె అలాగే మరిగించి పెట్టేది, ఏనాడూ ఒక్క పిల్ల పోలేదు. బూజు దులిపి, ఎండబెట్టి, డేగిసాలో కుతకుత ఉడికించి ముందు పిల్లలకి పోసింది.

పిల్లలకి పారుడు పట్టుకుంది. సరిగ్గా ఉడకలేదేమో అనుకుంది, పిచ్చిది! ఈసారి ఇంకాసేపు ఉడికించింది. నీరసించినవాటిని ఒళ్లో పెట్టుకుని గరిటెతో తాగించింది. తల్లిపందిని దూరంగా కట్టేసి, దాని వాటా కూడా పిల్లలకే పోసింది. అది ఆకలికి అరుస్తుంటే "పెద్దదానివే, ఓర్చుకోవే" అని కసిరింది. ఒకదాని వెనక ఒకటి పిల్లలన్నీ పోయాయి.

పశువుల డాక్టరు జగన్నాథరావు వచ్చి ఆఖరి పిల్ల పొట్ట కోసి చూశాడు. పేగు లోపలంతా పుండై నెత్తురు కారి ఉంది.

"ఏం పెట్టావమ్మా?"

"బూజు తవుడండి. బాగా ఉడకబెట్టానండి."

"ఉడికిస్తే బూజు చస్తుందమ్మా, అది వదిలిన విషం చావదు. పేగు లోపలి పొరని తినేస్తుంది. ఇక తిన్నది ఒంటబట్టదు." ఆయన తల్లిపంది వైపు చూశాడు. "మరి అదెలా బతికింది?"



"దానికి పెట్టలేదండి. దాని కడుపు మాడ్చానండి."

డాక్టరు వెళ్లాక తల్లిపంది కట్టు విప్పింది. అది తిన్నగా వచ్చి, ఖాళీ డేగిసా వాసన చూసి, ఆమె చేతిని ముట్టెతో పొడిచింది.

"ఇంకా నా చేతికూడే కావాలటే నీకు!" అంటూ ఆ చేతిని కొంగులో దాచేసుకుని పాపాయి బావురుమంది.