అనంతగిరి నుంచి ఒక ప్రశ్న

నిన్న సాయంత్రం కరెంటు పోయి వచ్చాక, ఎన్నాళ్ళుగానో మూలపడి ఉన్న టేబుల్ లైటు వేశాను. బల్బు వేడెక్కి, దాని మీద పేరుకున్న దుమ్ము కాలిన వాసన గదంతా కమ్ముకుంది. ఎవరికైనా అది దుమ్ము వాసనే. నాకు మాత్రం మేరీ రత్నం మేడంగారి గది వాసన. కిటికీ తీయడం మానేసి, కుర్చీలో వెనక్కి వాలి హాయిగా పీలుస్తూ కూర్చున్నాను. మా ఆయన గుమ్మంలోంచి చూసి, “నీకేమైనా అయిందా?” అన్నారు.

ఎనభైల ఆఖర్లో నేను అనంతగిరిలో ఒక చిన్న కాఫీ పరిశోధన కేంద్రంలో టైపిస్టుగా చేరాను. మాది బొబ్బిలి దగ్గర పల్లె. కొండల్లో చెమ్మ అంటే ఏమిటో అక్కడికి వెళ్ళేదాకా తెలియదు. వారం తొడక్కపోతే చెప్పులకి బూజు పట్టేది. మేరీ రత్నం గారు మా ఆఫీసరు, మొక్కల జబ్బులు చూసే శాస్త్రవేత్త, పాచిపెంట వైపు మిషన్ బడి టీచరుగారి కూతురు. యాభై దాటిన మనిషి. నవ్వితే వరండా చివరిదాకా వినబడేది, కోపం వచ్చినా అంతే. ఆవిడ గదిలో ఒక కంప్యూటరు ఉండేది. చెమ్మ తగలకుండా దాని పక్కన పొద్దస్తమానం ఒక బల్బు వెలిగించి ఉంచేవారు. ఫ్లాపీలైతే పాలపొడి డబ్బాలో, వేయించిన బియ్యం మధ్య భద్రంగా ఉండేవి.

ఆ కంప్యూటర్లో న్యూస్ రీడరు అని ఒక ప్రోగ్రాం ఉండేది. ఎక్కడెక్కడి మనుషులో ఒక్కో విషయానికి ఒక్కో గుంపుగా చేరి రాసుకునే మాటలు అందులో చదవొచ్చు, మనమూ రాయొచ్చు. ఒకరు ప్రశ్న రాస్తే గుంపులో అందరికీ కనబడుతుంది, తెలిసినవాళ్ళు దాని కిందే జవాబు రాస్తారు. మా టెలిఫోను గాలి గట్టిగా వీస్తే మూగబోయేది కాబట్టి, మేం రాసిన పోస్టుల్ని ఫ్లాపీకి ఎక్కించి విశాఖపట్నం బస్సు కండక్టరుకి ఇచ్చేవాళ్ళం. అక్కడ ఒక కాలేజీలో మేడంగారి స్నేహితురాలు వాటిని ఫోను లైను మీద పంపి, వచ్చిన జవాబుల్ని అదే ఫ్లాపీలో నింపి తిరుగు బస్సుకి ఇచ్చేది. కండక్టరు టికెట్ల సంచిలోంచి దాన్ని తీసి, “అమ్మగారూ, మీ నల్లబిళ్ళ” అని కిటికీలోంచి అందించేవాడు.

ఆ ఏడు ఎండాకాలం చివర, దిగువ ఊరి నుంచి సుకిరమ్మ అనే రైతు వచ్చింది. పోడు మానేసి మొదటిసారి కాఫీ నారు పోసింది. తొలకరికి నాటాలి. తీరా చూస్తే ఆకులన్నీ పసుపెక్కిపోయాయి. అంటుజబ్బని తేల్చిన పై ఆఫీసు ఇన్‌స్పెక్టరు, శనివారం వచ్చి మొత్తం పీకి కాల్పిస్తానని చెప్పి వెళ్ళాడు. సుకిరమ్మ వరండాలో చతికిలబడింది.

“పీకనీకండమ్మా! ఈ నారు పోతే నానేటి సెయ్యాల? మల్లీ కొండెక్కి పోడు కొట్టుకోవాల. ఈ ఒంట్లో ఆ ఓపిక నేదు.”

మేడంగారు ఆకుల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. జబ్బు జాడ ఏమీ లేదు. “నాకు తెలీడం లేదే. గుంపుని అడుగుదాం, నువ్వు రాసి పంపు,” అని నాకు చెప్పి జి.మాడుగుల క్యాంపుకి వెళ్ళిపోయారు.

నాకెంత సంబరమో! టైపు పరీక్షలో ఫస్టున పాసైనదాన్ని, నాకు రాదా ఏమిటి? ఆఫీసు ఇంగ్లీషులో దంచేశాను. ‘గౌరవనీయులైన అధికారిగారి సముఖమునకు, తగు మార్గము ద్వారా సమర్పించునది’ అని మొదలుపెట్టి, ‘కాఫీ మొక్కలు బాగులేవని తమకు సవినయంగా మనవి చేయుచు, వెంటనే తగు చర్య తీసుకోవలసిందిగా ప్రార్థన’ అని ముగించి, అడుగున ‘నకలు ఫైలుకు’ అని కూడా కొట్టాను. ఆ రోజు బస్సుకే పంపేశాను.

మేడంగారు తిరిగొచ్చేసరికి ఒకే ఒక్క జవాబు వచ్చి ఉంది. ‘అయ్యా, నేను అధికారిని కాను, చదువుకుంటున్న కుర్రాణ్ణి. నేనేం చర్య తీసుకోవాలో దయచేసి చెప్పండి.’ మేడంగారు అది చదివి, నా పోస్టు చదివి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

“ఏటే గుంటా, అక్కడ ఆఫీసరెవడూ లేడే! అందరూ ఒకే అరుగు మీద కూసున్నోళ్ళే. పక్కింటామెని అడిగినట్టు అడగాల. పద, ముందు మొక్కని సూద్దాం.”

సుకిరమ్మ నారుమడి దగ్గర ఇద్దరం గొంతుక్కూర్చున్నాం. పసుపెక్కింది లేత ఆకా, ముదురాకా? ఈనెలు ఏ రంగు? నీడ ఎంత? నీళ్ళు ఏ పూట పోస్తున్నారు? చూసింది చూసినట్టు రాయించారు. విషయం అన్నచోట ‘అనంతగిరి నుంచి ఒక ప్రశ్న: లేత ఆకులు పసుపు, ఈనెలు పచ్చ’ అని పెట్టించారు. చివర ‘ఇది ఏమిటో మాకు తెలియదు. శనివారం లోపల తెలియకపోతే ఈ నారు కాల్చేస్తారు’ అనమన్నారు. నా వేళ్ళు ఆగిపోయాయి.

“తెలియదంటే ఆఫీసు పరువు పోదా మేడం?”

“పోనీయే. నారు ఉంటాది కదా.”

పంపే ముందు మొత్తం పైకి చదివించారు. ఎక్కడ నా గొంతు తడబడితే అక్కడ వాక్యం విరగ్గొట్టించారు. మూడోసారికి గాని ఆవిడ తల ఊపలేదు. అప్పటికి బస్సు హారను కొడుతోంది. ఫ్లాపీ పట్టుకుని పరుగెత్తాను.

శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి నల్లబిళ్ళ వచ్చింది. రెండు జవాబులు. మొదటాయన మా పోస్టు మొత్తం తిరిగి అచ్చుగుద్ది, కింద ‘కాల్చేయండి’ అని ఒక్క ముక్క రాశాడు. రెండో ఆయన మాత్రం మా పోస్టులోంచి ‘ఈనెలు పచ్చ’ అన్న ఒక్క వరుస తీసి, దాని ముందు బాణం గుర్తు పెట్టి, కింద ఇలా అడిగాడు: ‘మొక్క మొదట్లో సున్నం గాని, బూడిద గాని వేశారా?’

“ఓలమ్మో!” అని మేడంగారు కుర్చీలోంచి లేచారు. “పదవే, బేగి పద!”

దారంతా నాకంటే ముందు ఆవిడే నడిచారు. బూడిద వేశావా అని అడగగానే సుకిరమ్మ మొహం విప్పారింది.

“ఎయ్యకేటమ్మా! పొయ్యిలో బూడిదంతా ఈటికే. పోడులో ఏ గింజైనా బూడిదలోనే కదా మొలిసింది. ఒక్క పూటైనా మరిసిపోనేదు.”

మేడంగారు నెత్తి కొట్టుకుని, పకపకా నవ్వి, ఆమెని అమాంతం కౌగిలించుకున్నారు. జొన్నకీ రాగికీ మంచి చేసే బూడిద కాఫీకి మోతాదు మించితే చెరుపట. మట్టిలో పులుపు తగ్గిపోయి, ఎంత ఇనుమున్నా లేతాకుకి అందదట. అంత ప్రేమగా పోస్తే ఏ మొక్క మాత్రం తట్టుకుంటుంది!

మర్నాడు ఇన్‌స్పెక్టరు కూలీలతో వచ్చేసరికి మేడంగారు మడి గట్టు మీద పీట వేసుకుని కూర్చున్నారు. “ముందు నన్ను పీకండి, తర్వాత నారు పీకుదురు గాని,” అన్నారు. ఆయన గొణుక్కుంటూ తొలకరి దాకా గడువిచ్చి పోయాడు. బూడిద మట్టి తీసేసి అడవిలోని ఆకుమట్టి పోశాం. ఇనుము అందడానికి అరకు సంతలో అన్నభేది ఉప్పు కొని, నీళ్ళలో కలిపి చల్లాం. రోజూ పొద్దున్నే ముగ్గురం వంగి చూసేవాళ్ళం. కొత్తగా వచ్చిన చిగురు పచ్చగా ఉంది! ఆ పూట నేను మడి చుట్టూ గంతులేశాను, సిగ్గు లేకుండా.

తొలకరి పడింది, నారు కొండవాలుకి చేరింది. నేను కంప్యూటరు మీద ముసుగు కప్పుతుంటే మేడంగారు ఆపారు.

“మన పనైపోయింది కదా మేడం?”

“మన పనయింది. అడిగినాయన పని అవలేదు. ఏటైందో అని అక్కడ సూస్తుంటాడు కదే. సుకిరమ్మని పిలు.”

సుకిరమ్మని తన కుర్చీలోనే కూర్చోబెట్టారు. ఆమె చెప్పింది, మేడంగారు ఇంగ్లీషు చేశారు, నేను కొట్టాను. పైన బాణం గుర్తుతో ఆయన ప్రశ్న పెట్టాం. దాని కింద సుకిరమ్మ మాటలు: ‘వేశాను. నువ్వు చెప్పాక తీసేశాను. పచ్చబడ్డాయి బాబూ. మీ కొండ మీద వానలు పడ్డాయా?’

ఇప్పుడు నేను రిటైరయ్యాను. ఎవరేది చెప్పినా, చివరికి ఏమైందో వాళ్ళకి చెప్పందే నాకు తోచదు. దారి చెప్పినవాళ్ళకి చేరామని చెబుతాను, వంట చెప్పినవాళ్ళకి కుదిరిందో లేదో చెబుతాను. మొన్న బస్సులో ఒకావిడ మోకాళ్ళ నొప్పికి ఏదో తైలం రాయమంటే, నంబరు తీసుకుని వచ్చాను. పది రోజులు రాసి ఫోను చేశాను. “ఏమీ తగ్గలేదండీ, మీకు చెబుదామని చేశాను,” అన్నాను. ఆవిడ “అయ్యో, నా మాట గుర్తుపెట్టుకుని చేశారా అమ్మా!” అంది. తర్వాత అరగంట మాట్లాడుకున్నాం.