పేడలో గుచ్చిన పుల్ల

గుండ్లవాగుపల్లె వీధిలో పడ్డ పేడ ఎవరిదో తేల్చడానికి పెద్దమనుషులు కూర్చోవలసిన పని లేదు. ముందు చూసినవాళ్లు ఒక చీపురుపుల్లో, కందికట్టె ముక్కో అందులో నిలబెట్టి పోతారు. గంప తెచ్చుకుని తిరిగి వచ్చేదాకా ఆ పుల్లే కాపలా. పుల్ల ఉన్న పేడను ఇంకొకరు ఎత్తరు. గిద్దలూరుకు తొమ్మిది మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో కోళ్లు పోయేవి, చేలో వేరుశనగ బుడ్డలు పోయేవి, ఒకసారి బావి చేద కూడా పోయింది. పుల్ల గుచ్చిన పేడ మాత్రం చాలాకాలం పోలేదు. ఈ కట్టుబాటును అందరికన్నా ఎక్కువ వాడుకున్నది లింగమ్మ.

లింగమ్మ నల్లమల అంచున ఒక గూడెంలో పుట్టింది. తేనె, కుంకుడుకాయలు కొండ మీంచి దించి సంతలో ఇచ్చుకునే కుటుంబం. పెళ్లయ్యాక మొగుడు పెద్దమల్లయ్యతో కిందికి దిగింది. బొగ్గుల బట్టీలో పనిచేసే పెద్దమల్లయ్య ఒక వానాకాలం జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. తిరిగి కొండకు పోదామంటే అన్నదమ్ముల గుడిసెలు వాళ్లకే చాలవు. వంటకట్టెకు అడవిలోకి పోతే గార్డు కొడవలి లాక్కుంటాడు. అలా ఆమె బతుకు పేడ మీదికి వచ్చింది. అందులో అవమానం వెతికేవాళ్లు వెతుక్కోవచ్చు, ఆమెకు అంత తీరిక ఉండేది కాదు.

ఊళ్లో ధాన్యం, బుడ్డల వ్యాపారం చేసే నాగభూషణరావు శెట్టి ఇంట్లో తొమ్మిది గొడ్లు. బండ్లకు నాలుగు ఎద్దులు, పాడికి మూడు బర్రెలు, రెండు ఆవులు. ఆ కొట్టం పొద్దున్నే ఊడ్చి కడగడం లింగమ్మ పని. జీతం లేదు. ఒక పూట చద్దన్నం, కొట్టంలో పడ్డ పేడ. శుక్రవారం పేడ మాత్రం ఇంటివాళ్లది, వాకిలి అలకడానికి. మిగిలిన ఆరు రోజుల పేడతో లింగమ్మ తన గుడిసె వెనక మొండిగోడకు పిడకలు కొట్టేది. సగం బస్సులు ఆగే చోట టీ బంకు నడిపే మస్తానయ్యకు అమ్మేది, సగం తన పొయ్యిలోకి. పంతొమ్మిదేళ్లు ఇలాగే గడిచింది. ఇందులో న్యాయం ఎంత అని అడిగితే చెప్పడం కష్టం. ఆమె పొయ్యి మాత్రం రెండు పూటలా రాజేది.

జిల్లా కొత్తది. కర్నూలు నుంచి విడదీసి ఒంగోలుకు కలిపి ఏడెనిమిదేళ్లయింది. ఏ కాగితం ఏ ఊరికి పోవాలో జనానికి ఇంకా అలవాటు కాలేదు. కిరసనాయిలు దొరకడం మానేసింది. ఆ రోజుల్లో సమితి ఆఫీసు నుంచి వ్యవసాయ విస్తరణాధికారి చంద్రశేఖరరావు మోటారుసైకిలు మీద వచ్చి శెట్టి అరుగు మీద కూర్చున్నాడు. చేతిలో ఒక పుస్తకం, అట్ట మీద గోబర్ గ్యాసు గుంత బొమ్మ. పల్లెల్లోని నిరుపేదలకు పొగ లేని పొయ్యి, ఖర్చు లేని ఇంధనం అని దాని సారాంశం. నిరుపేదల పథకంలో మొట్టమొదటి ప్రశ్న: "గొడ్లు ఎన్ని?"

"తొమ్మిది," అన్నాడు శెట్టి.

"తలకు పది కేజీల పేడ. తొంభై కేజీలు! శెట్టిగారూ, మీరు రెండిళ్లకు వండిపెట్టొచ్చు."

పక్కన బండి చక్రానికి కందెన పూస్తున్న జీతగాడు అంకన్న తల ఎత్తాడు. "పగలంతా గొడ్లు కొండకింద మేస్తాయి గదా సారూ. పేడ ఏసేదానికి ఇంటికొచ్చి పోవు."

అందరూ నవ్వారు. చంద్రశేఖరరావు కూడా నవ్వాడు. నవ్వి, ఫారంలో తొంభై అని రాశాడు.

కొట్టం కడిగి చీపురు పట్టుకుని నిలబడ్డ లింగమ్మ అడిగింది. "అయ్యా, పేడంతా గుంతలో పోస్తే మరి నాదేంది?"

"నీకూ మంచిదేనమ్మా. పొగ ఉండదు, కళ్లు మండవు."

"పొగ పోయేది ఈ అమ్మకు గదయ్యా. నా గుడిసెకు పైపు ఏస్తారా?"

"ఒక గుంతకు ఒక ఇల్లే. నువ్వూ పెట్టుకోవచ్చు, ఐదు గొడ్లుంటే చాలు."

"ఐదు గొడ్లుంటే నేను ఈడెందుకు నిలబడతా సారూ?" అంది లింగమ్మ. చంద్రశేఖరరావు పుస్తకంలో పేజీ తిప్పాడు.

శెట్టి భార్య హైమావతి తలుపు వెనక నుంచి అంతా వింది. ఆమెను దుర్మార్గురాలిగా చూపిస్తే కథ సులువవుతుంది కానీ అబద్ధమవుతుంది. ఇరవయ్యేళ్లుగా ఊదుగొట్టం ఊదీ ఊదీ ఆమెకు ఆయాసం పట్టుకుంది. కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. వంట మధ్యలో పెరట్లోకి వచ్చి గోడ పట్టుకుని దగ్గేది. గ్యాసు కావాలని పట్టుబట్టింది ఆమే.

గుంత తవ్వారు, ఇటుక కట్టారు, ఒంగోలు నుంచి ఇనుప డ్రమ్ము లారీలో వచ్చింది. గ్యాసు పుడితే డ్రమ్ము పైకి లేవాలి, వాడితే కిందికి దిగాలి. మొదటిరోజు నీలం మంట చూసి హైమావతి చాలాసేపు దాని ముందే కూర్చుంది. "బూడిదే లేదు చూడు లింగమ్మా," అంది చిన్నపిల్లలాగా. లింగమ్మ గడప బయట నుంచి చూసింది. బాగానే ఉంది మంట.

ఇప్పుడు లింగమ్మ పని పెరిగింది. కొట్టం ఊడ్చాక పేడనూ నీళ్లనూ సమానంగా తొట్టిలో పోసి, గడ్డలు లేకుండా చేత్తో పిసికి, గుంతలోకి వదలాలి. ఆ నీళ్లు బావి నుంచి ఆమే మోయాలి. చద్దన్నం అదే ఒక్క పూట. గ్యాసు తీసుకున్నాక అవతలి వైపు నుంచి వచ్చే మడ్డిని కొంచెం అడిగి తెచ్చి పిడకలు కొట్టి చూసింది. ఎండాయి గానీ సరిగా రాజలేదు. సారమంతా హైమావతి పొయ్యిలో కాలిపోయాక మిగిలింది పొలానికి పనికొస్తుంది, అన్నానికి పనికిరాదు. లింగమ్మకు పొలం లేదు.

ఇక మిగిలింది వీధి. సాయంత్రం మంద తిరిగి వచ్చేటప్పుడు పుల్లల కట్ట చెంగులో దోపుకుని వెనకే నడిచేది. నడుము నొప్పితో, రోజుకు ఐదారు చోట్ల పుల్ల నిలబెడితే ఒక పూట పొయ్యికి సరిపోయేది. మస్తానయ్యకు పిడకలు వేయడం మానేసింది.

అంకన్న చెప్పిన మాట నెల తిరగకుండానే నిజమైంది. ఫారంలో గొడ్లు ఇరవైనాలుగు గంటలూ కట్టుకొయ్య దగ్గరే నిలబడి ఉన్నాయి. నిజం గొడ్లు రాత్రి మాత్రమే కొట్టంలో ఉంటాయి. పైగా ఎండాకాలం, మేత లేదు. తొంభై కేజీలు కాదు, ముప్పై రావడమే గొప్ప. డ్రమ్ము జానెడు లేచి ఆగిపోయింది. శెట్టి అంకన్నకు గంప ఇచ్చి వీధిలోకి పంపాడు.

ఒక సాయంత్రం లింగమ్మ గంపతో తిరిగి వచ్చేసరికి వేపమాను దగ్గర పేడ లేదు. పుల్ల పక్కన పడి ఉంది. నాలుగడుగుల ముందు అంకన్న.

"పుల్ల కనపడలేదేంట్రా అంకన్నా?"

"కనపడింది అత్తా. అందుకే తొక్కకుండా పక్కన పెట్టినా. తీసుకో, నీ పుల్లతో నాకేం పని?"

"పుల్ల పీకినోడివి రేపు నా గుడిసె నిట్టాడు గుంజ పీకుతావు."

"నన్నేం చేయమంటావు? డ్రమ్ము లెయ్యకపోతే ఆయన నా మీద లేస్తాడు. పో, ఆయన్నడుగు పో!"

ఆమె నిజంగానే పోయి అడిగింది. శెట్టి కాగితాలు సర్దుకుంటూ తల ఎత్తలేదు. "వీధి అందరిదీ లింగమ్మా" అన్నాడు. ఆ మాట ఆయన చెవికే బాగా అనిపించలేదేమో, లోపలికి చూశాడు. హైమావతి బయటికి వచ్చింది.

"ఇట్ల చేద్దాం లింగమ్మా. నీ గింజలు తెచ్చియ్యి. మాతో పాటే ఒక చట్టి సంగటి కెలికి పెరట్లో పెట్టిస్తా. నీకు పిడకల బాధే ఉండదు."

ఆమె మనస్ఫూర్తిగానే అంది. లింగమ్మ గంప కింద పెట్టింది.

"నా పొయ్యి ఆర్పి నీ పొయ్యి మీద కెలికి పెడతానంటే ఎట్లమ్మా? నాకు జొరమొస్తే గుక్కెడు ఉడుకునీళ్లకు నీ పెరట్లో వచ్చి నిలబడాల్నా? మా అన్న కొండ దిగి ఇంటికొస్తే, కూర్చో నాయనా, అమ్మను అడిగొస్తా అని చెప్పాల్నా?"

మర్నాటి నుంచి ఆమె పేడ పిసకడానికి రాలేదు. అంకన్న రెండు రోజులు పిసికాడు, గడ్డలు వదిలేశాడు. గొట్టం పూడుకుపోయింది. డ్రమ్ము పూర్తిగా కూర్చుంది.

సరిగ్గా అప్పుడే ఒంగోలు నుంచి పెద్ద అధికారులు పై సోమవారం గ్యాసు చూడడానికి వస్తున్నట్టు సమితికి కబురు వచ్చింది. చంద్రశేఖరరావు మోటారుసైకిలు ఈసారి శెట్టి అరుగు దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. గొట్టం పొడిచి, తొట్టి చూసి, తిన్నగా లింగమ్మ గుడిసెకు నడిచి వచ్చాడు. చేతికి పేడ అంటి ఉంది. అది చూసి ఆమె చెంబుతో నీళ్లిచ్చింది.

"ఒక్క వారం రా లింగమ్మా. నీ వీధి పేడ కూడా అందులో పోసెయ్. నా ఉద్యోగం మీదికొచ్చింది."

"నీ ఉద్యోగం ఒక వారం సారూ. నా పొయ్యి?"

"ఏం కావాలో చెప్పు, రాసిస్తా."

"కాయితం నాకు చదవను రాదు, నీకు గుర్తుండదు. మూడు గొడ్ల పేడ నాది. వీధిలో నా పుల్ల ఎవురూ పీకగూడదు. శెట్టయ్యను వచ్చి, కొట్టంలో, నలుగురూ చూస్తాండగా నా పేరు మీద పుల్ల గుచ్చమను. అదే నాకు కాయితం."

చంద్రశేఖరరావు శెట్టికి ఏం చెప్పాడో, ఎలా చెప్పాడో తెలియదు. మరునాడు పొద్దున బావికి పోయే ఆడవాళ్లు కొట్టం దగ్గర కడవలు దించి నిలబడ్డారు. నాగభూషణరావు పంచె ఎగగట్టి, చెప్పులు విడిచి, చీపురుపుల్లలతో రెండు బర్రెల వెనకా ఒక ఆవు వెనకా వంగాడు. రెండు పుల్లలు నిలబడ్డాయి. మూడోది వాలిపోయింది.

"నిలబెట్టు సామీ. పడిపోతే లెక్కలేదు," అంది లింగమ్మ.

అంకన్న అటు తిరిగి నవ్వు మింగాడు. శెట్టి మళ్లీ వంగి, పుల్ల లోతుగా దింపి, చేయి కడుక్కోవడానికి పోయాడు. లింగమ్మ తొట్టి దగ్గరికి పోయి, గొట్టం పూడినప్పటి నుంచి పోగుపడ్డ పేడ పిసకడం మొదలుపెట్టింది.

సోమవారం మంట వచ్చింది. చక్కటి నీలం మంట. ఫోటో తీసేదాకా ఉండి, గిన్నెలో నీళ్లు వేడెక్కేలోపు పోయింది. ఆరు రోజుల పేడ ఒక్కసారిగా పోస్తే గ్యాసు ఆరింతలు పుట్టదని, గుంతకు కూడా అరగడానికి టైము పడుతుందని చంద్రశేఖరరావుకు ఆ రోజే తెలిసింది. హైమావతి కంగారుగా పెరటి వైపు చూసింది. లింగమ్మ ఏమీ అడగకుండానే గుడిసెకు పోయి గంపెడు పిడకలు తెచ్చింది. అధికారుల కాఫీ వాటి మీద కాగింది. పొగ ముందువైపుకు రాకుండా అంకన్న తడిక అడ్డం పెట్టాడు.

తర్వాత ఆ మాట నిలబడింది. పద్నాలుగు నెలలు. మూడు గొడ్ల పేడ లింగమ్మది, ఆరు గొడ్ల పేడ గుంతది. హైమావతికి ఒక పూట గ్యాసు, ఒక పూట కట్టెలు. లింగమ్మకు రెండు పూటలా పొయ్యి. ఇది ఏ రిపోర్టులోనూ లేదు. ఫారంలో ఆ గడి లేదు.

రెండో ఏడు వాన పడలేదు. కొండకింద గడ్డి ఎండి, చొప్ప ఎక్కడా దొరక్క శెట్టి ఎద్దులను సంతకు తోలాడు. తర్వాత బర్రెలు. చివరికి ఒక ఆవు మిగిలింది. ఒక్క ఆవుతో గుంత నిండదు. డ్రమ్ము మడ్డిలో కూరుకుని తుప్పు పట్టింది, దాని మీద కోళ్లు నిద్రపోవడం మొదలుపెట్టాయి. అంకన్న బావులు తవ్వే పనికి మార్కాపురం వైపు పోయాడు. చంద్రశేఖరరావుకు బదిలీ అయింది. హైమావతి ఊదుగొట్టం మళ్లీ తీసింది. దగ్గు ఆ గొట్టం కన్నా ముందే వచ్చింది.

ఊరి గొడ్లన్నీ కలిపి పాతిక కూడా లేవు. వాటి వెనక పుల్లలతో నడిచే ఆడవాళ్లు మాత్రం పెరిగారు. లింగమ్మ రోజుకు రెండు చోట్ల పుల్ల గుచ్చగలిగితే ఎక్కువ. పొయ్యి ఒక పూటే వెలిగించేది. రెండో పూట పొద్దుటి సంగటే, నీళ్లు పోసుకుని.

ఒక ఉదయం మంద బయటికి పోతుండగా శెట్టి వాకిలి ముందు వీధిలో ఒక ఆవు పేడ వేసింది. గడపలో నిలబడి దగ్గుతున్న హైమావతి దాన్ని ముందు చూసింది. పది గజాల వెనక వస్తున్న లింగమ్మ తర్వాత చూసింది. హైమావతి దిగి వచ్చి పేడ పక్కన నిలబడింది. ఏం చేయాలో తెలియక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంప లేదు, చేతిలో ఏమీ లేదు. వీధిలో పేడ ఎత్తడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

లింగమ్మ వచ్చి ఆగింది. చెంగులో చూసుకుంది. పుల్ల ఒక్కటే మిగిలింది.

"ముందు చూసినదానివి నిలబడ్డావేందమ్మా? గుచ్చుకో."

"పుల్ల లేదు లింగమ్మా."

లింగమ్మ ఉన్న పుల్లను రెండుగా విరిచింది. ఒక ముక్క ఆమె చేతిలో పెట్టి, రెండోది చెంగులో దోపుకుని మంద వెనక నడిచింది. ముందు అప్పటికే ఇద్దరు ఆడవాళ్లు గంపలతో పోతున్నారు.