మేకకు చోటు

సంజీవరావుకు భయం కొత్త కాదు. ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరం ఇది రెండోసారి చదువుతున్నాడు. మొదటిసారి సినిమా హాలు డిజైన్ చెయ్యమంటే అందమైన బాల్కనీ వేశాడు, దానికి మెట్లు వెయ్యడం మరిచిపోయాడు. జ్యూరీ అని పిలిచే ఆ పరీక్షలో నలుగురు పెద్దమనుషులు బల్ల చుట్టూ నిలబడి, జనం ఎవరి నిచ్చెన వాళ్ళు తెచ్చుకోవాలా అని అడిగి మరీ ఫెయిల్ చేశారు. ఈసారీ తప్పితే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. దివిసీమలో బడిపంతులుగా ఉన్న తండ్రి మరో ఏడాది చదివించలేడు. అది తెలుసు గనక సంజీవరావుకు అన్నం సయించడం లేదు, గీసిన ప్రతి గీతా మూడుసార్లు కొలుస్తున్నాడు.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చి దివిసీమను ఊడ్చిపెట్టింది. ఆ తర్వాతి వేసవిలో ప్రొఫెసర్ గారు ఆఖరి సంవత్సరం పదకొండు మందినీ హైదరాబాదు నుంచి బెజవాడ తీసుకువచ్చి, భవానీపురంలో ఖాళీగా ఉన్న గోడౌనులో బల్లలు వేయించారు. అదే వాళ్ళ స్టూడియో. తుపాను వస్తే ఊరు తలదాచుకోవడానికి ఒక హాలు గియ్యాలి. మూడు వందల మంది పట్టాలి, తగ్గితే మార్కులు లేవు. మనిషికి ఇన్ని చదరపుటడుగులని పుస్తకంలో ఉంది. సంజీవరావు దాని ప్రకారం గుణించి, సరిగ్గా మూడు వందలకు సరిపోయేలా గీశాడు. మెట్లు మాత్రం రెండు వైపులా పెట్టాడు.

అట్టతో చేసిన నమూనా బెజవాడ ఎండకు వంకర తిరిగింది. దాంతో కొండపల్లి వెళ్ళి, బొమ్మలు చేసే రామకోటేశ్వరరావు కాళ్ళావేళ్ళా పడ్డాడు. బొమ్మలకు వాడే తేలికైన పొణికి కర్రతో హాలూ, అందులో నిలబెట్టడానికి అంగుళం ఎత్తున అరవై మంది మనుషులూ కావాలన్నాడు. హాలుకు అయిదు సమాన భాగాలు. ఒక భాగంలో అరవై మంది కనిపిస్తే చాలు, మిగతా లెక్క చూసేవాళ్ళే వేసుకుంటారు. రంగులు వద్దా అని ఆయన రెండుసార్లు అడిగి, వద్దంటే నొచ్చుకున్నాడు.

జ్యూరీకి ముందురోజు మధ్యాహ్నం వెళ్ళేసరికి అన్నీ తయారుగా ఉన్నాయి. హాలు ముచ్చటగా కుదిరింది. మనుషులను చూస్తేనే సంజీవరావు గుండె జారిపోయింది. ఒకామెకు చంకలో బిడ్డ, నెత్తిన బిందె. ఒకడి భుజాన ధాన్యం మూట. ఒక ముసలాయన ట్రంకుపెట్టె మీద కూర్చున్నాడు. ఇంకొకామె మేక మెడ తాడు పట్టుకుని ఉంది. అరవై మందిలో ఒక్కరి చేతులూ ఖాళీగా లేవు.

"నేను మనుషుల్నే కదండీ అడిగింది," అన్నాడు.

"ఇయ్యన్నీ మనుషులే గదా బాబూ. ఉత్తచేతుల్తో నిలబడే మనిషిని మా తాత చెయ్యలా, మా నాన్న చెయ్యలా. చేతిలో ఏదో ఒకటి లేకపోతే ఆ మనిషెవరో కొనేవాడికి ఎట్టా తెలుస్తది?"

వాదించే వ్యవధి లేదు. అరుగు మీదే కూర్చుని ఒక్కొక్కరినీ హాల్లో నిలబెట్టడం మొదలుపెట్టాడు. ముప్పై ఆరో మనిషితో ఆ భాగం నిండిపోయింది. ఎలా సర్దినా ఒకరి మూట ఇంకొకరికి తగులుతోంది, ట్రంకుపెట్టె గుమ్మానికి అడ్డం వస్తోంది. ఇరవై నలుగురు అరుగు మీదే మిగిలారు. సంజీవరావు మొహం చూసి రామకోటేశ్వరరావుకు కంగారు పుట్టింది. బిందెలూ మేకలూ చెక్కేస్తే అరగంటలో అందరూ పడతారని ధైర్యం చెప్పి, కత్తి తీసి, మేకను పట్టుకున్న ఆమెనే ముందు చేతిలోకి తీసుకున్నాడు.

సంజీవరావుకు మేనత్త తెరేసమ్మ గుర్తొచ్చింది. ఉప్పెన రోజున ఆమె మేకను తోలుకుని బడి దగ్గరకు వెళ్ళింది. లోపల చోటు లేదు, మేకను వదిలేసి రమ్మన్నారు. ఆమెకున్న ఆస్తి అదొక్కటే. వదల్లేక వరండాలోనే నిలబడింది. నీళ్ళు తీశాక ఆమె గానీ మేక గానీ దొరకలేదు. ఈ సంగతి సంజీవరావు తండ్రి నోటే విన్నాడు. విని ఏడ్చాడు. ఏడ్చి, తిరిగి కాలేజీకి వచ్చి, పుస్తకం తెరిచి, మనిషికి ఇన్ని అడుగులని గుణించాడు. ఇప్పుడు సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

"చెక్కొద్దండీ," అన్నాడు.

అనడమైతే అన్నాడు గానీ, బస్సెక్కగానే, తగ్గితే మార్కులు లేవన్న మాట గుర్తొచ్చింది. వెనక్కి పోయి చెక్కించుకొద్దామని ఇబ్రహీంపట్నం దగ్గర రెండుసార్లు లేచాడు. దిగుతావా, కూర్చుంటావా అని కండక్టరు కసిరితే కూర్చున్నాడు. గోడౌను చేరి, డ్రాయింగు మీద మూడు వందలని ఉన్న చోట బ్లేడుతో గీకి నూట ఎనభై అని దిద్దాడు. ప్రొఫెసర్ గారు చూసి తల పట్టుకున్నారు. నీ ఇష్టం, నేను మాత్రం కాపాడలేనని చెప్పేశారు.

మర్నాడు జ్యూరీకి వచ్చినవారిలో పెద్ద ఆయన ఒక రిటైరైన ఇంజనీరు. మేకామెతో సహా ఇరవై నలుగురినీ సంజీవరావు హాలు బయటే నిలబెట్టాడు. ఇంజనీరు గారు డ్రాయింగు చూసి, బొమ్మలు చూసి, మూడు వందలు పట్టాలన్నాం కదయ్యా అన్నారు.

"పుస్తకం లెక్కకు పడతారండీ. సామాన్లతో వస్తే నూట ఎనభై మందేనండీ. మిగతావాళ్ళు బయటుండిపోతారండీ."

"అంటే ఫెయిలయ్యానని నువ్వే ఒప్పుకుంటున్నావన్నమాట."

"అవునండీ," అన్నాడు సంజీవరావు.

ఆయన కళ్ళజోడు సవరించుకుని, మేకామెను తీసి అరచేతిలో పెట్టుకుని చూశారు. ఆమెతోనే పక్క బల్ల దగ్గరకు నడిచారు. అది క్లాసులో ఎప్పుడూ ఫస్టు వచ్చే వెంకటకృష్ణారావుది. ఈవిణ్ణి ఎక్కడ నిలబెడతావని అడిగారు. వెంకటకృష్ణారావు వెతికాడు, ప్లానంతా మనిషికొక గడిగా మూడు వందలకే గీసేశాడు, మేకకు చోటు లేదు. మూడో బల్ల దగ్గరా లేదు. పదకొండో బల్ల దాకా ఆయన ఆమెను మోసుకుంటూ తిరిగారు.

ఆ రోజు ఎవరికీ మార్కులు వెయ్యలేదు. మూడు వారాల్లో అందరూ మళ్ళీ గియ్యాలన్నారు. తోటివాళ్ళు పదిమందీ సంజీవరావును తన్నకుండా వదిలారంటే అది ప్రొఫెసర్ గారు అక్కడుండబట్టే. పాసవుతాడో లేదో ఇంకా తెలియదు. ఇంజనీరు గారు వెళుతూ బొమ్మ తిరిగి ఇచ్చారు. ఆమెను లోపల, గోడ వారన నిలబెడదామనుకున్నాడు. నిలబెట్టాలంటే లోపలున్నవాళ్ళలో ఎవరినో ఒకరిని బయటకు తియ్యాలి. ఆమెను చేత్తో పట్టుకుని, ఆ ముప్పై ఆరుగురి మొహాలూ ఒక్కొక్కటే చూస్తూ ఉండిపోయాడు.