బొమ్మల గోడౌనుకు ట్యాంకరు వచ్చిన రోజు

ఆ రోజుల్లో మా పావగడ తాలూకాలో కళాకారుడు కావాలనుకునే వాడికి పెద్దగా అడ్డంకులు ఉండేవి కావు. వాన లేదు కనుక ఎవరికీ వేరే పని లేదు. శెనక్కాయలు వేసినవాళ్లు ఆకాశం వైపు చూస్తూ కూర్చునేవారు, వేయనివాళ్లు వేసినవాళ్ల వైపు చూస్తూ కూర్చునేవారు. నేను ఈ రెండూ చేయకుండా బొమ్మలు గీస్తూ కూర్చునేవాణ్ని. (మా నాయన లెక్కలో ఈ మూడింటిలోనూ సోమరితనం అంటే చివరిదే.) అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. బస్టాండు దగ్గర కొట్లకు కన్నడంలో బోర్డులు రాసేవాణ్ని. 'ఇక్కడ సైకిళ్లు నిలపరాదు' అని నేను రాసిన బోర్డు కింద సైకిళ్లు ఎంతో క్రమశిక్షణతో నిలబడేవి. నాలో ఇంతకంటే పెద్ద కళ ఉందని నమ్మినవాళ్లు ఇద్దరే. ఒకరు పెన్సిల్ అయ్యవారు, రెండో మనిషి నేను.

పెన్సిల్ అయ్యవారంటే హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరైన పెద్దమనిషి. ఆయన చెవి మీద పెన్సిలు లేకుండా చూసినవాళ్లు మా ఊళ్లో లేరు. బజారులో శెనక్కాయల మిల్లు సావుకారిది ఒక గోడౌను కాయలు లేక బోసిపోయి ఉండేది. ఖాళీ గోడౌనుకు తాళం వేసి రోజూ దాని ముందు నుంచి నడవడం సావుకారికి నామోషీగా ఉండేది. అది కనిపెట్టిన అయ్యవారు, ఊరి కళాకారులందరూ తమ చిత్రాలు పెట్టుకునే మందిరంగా దాన్ని మార్చుదామని ఆయన్ను ఒప్పించారు. 'కళా మందిర' అని బోర్డు నేనే రాశాను. జనం దాన్ని బొమ్మల గోడౌను అన్నారు. లారీల వెనక పులులు గీసే పెయింటరన్న తన పులులు తెచ్చాడు. టైలరు గుడ్డ మీద చిలకను కుట్టి తెచ్చాడు. అయ్యవారు తన చంద్రోదయాలు తెచ్చారు. అన్నీ వచ్చాయి గాని చూసేవాళ్లు రాలేదు. మొదటి ప్రదర్శనకు వచ్చిన ఒకే ఒక్క మనిషి పులి ముందు కాసేపు నిలబడి, "కాయలు ఏం ధర పలుకుతాండాయి?" అని అడిగి వెళ్లిపోయాడు.

అట్లాంటి సమయంలో తుమకూరు నుంచి ఒక సారు వస్తున్నారని తెలిసింది. ప్రదర్శన చూసి, మాలో ఒకణ్ని ఎంచి, డ్రాయింగ్ మాస్టరు కోర్సుకు సిఫారసు చేస్తారట. ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెప్పాను. మా నాయన ఎద్దులకు సొప్ప వేస్తున్నాడు. తల ఎత్తకుండానే, "సరేప్పా. ఆ సారు నిన్ను తీసుకుంటే పో. తీసుకోకపోతే కుంచెలు అటకమింద పెట్టి శేనికి రా. ఇంగ ఆ మాట మళ్లీ ఎత్తగూడదు" అన్నాడు.

"వాన లేకుండా శేన్లో ఏం చేసేది నాయనా?"

"నేను చేస్తాండేదే. ఇద్దరం కూసోని పైకి చూస్తాం."

మిగిలిన జీవితమంతా నాయన పక్కన కూర్చుని పైకి చూడటం అనే ఆ భవిష్యత్తు నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే ఆ ప్రదర్శనకు నా ప్రాణమంతా పెట్టి ఒక బొమ్మ గీశాను. నాగలమడిక దగ్గర ఉత్తర పినాకిని నిండా పారుతూ ఉంటుంది, పైన కారు మబ్బు దిగుతూ ఉంటుంది. ఏరు పారగా నేను చూసింది చిన్నప్పుడు, అదీ నాయన భుజం మీద నుంచి. అందుచేత నీళ్లు సగం జ్ఞాపకం, సగం మా అమ్మ చెప్పిన మాట. మబ్బు దగ్గరికి వచ్చేసరికి నల్ల పోస్టర్ కలర్ అయిపోతే పొయ్యి మసి కలిపాను. చుట్టూ ఫ్రేము కట్టించాను గాని అద్దం వేయించలేదు. మా వైపు గోడకు అద్దం వెనక ఉండేది దేవుళ్లు, లేకుంటే పోయినవాళ్లు. నా బొమ్మ ఈ రెండు కులాల్లోనూ చేరదు.

సారు వచ్చే రోజు పొద్దున గోడౌను కిటకిటలాడిపోయింది. కారణం కళ కాదు, ట్యాంకరు. ఆ ఏడు బజారు బోరు ఎండిపోయి నీళ్లు ట్యాంకరుతో తోలేవారు. అది ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలియదు కనుక ఆడవాళ్లు తెల్లవారకముందే బిందెలు వరసగా పెట్టి నీడ చూసుకునేవారు. (బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. బిందెను జరిపితే మనిషిని కొట్టినట్టే.) ఆ రోజు వరస గోడౌను మెట్ల దాకా వచ్చింది, బజారులో అంతటి నీడ మరోచోట లేదు. అయ్యవారికి కళ్లు చెమర్చాయి. ఆయన ఒక్కొక్కరికీ చంద్రోదయం చూపిస్తూ వచ్చారు. వాళ్లు మాత్రం చంద్రోదయాలు దాటి, చిలకను దాటి, నా బొమ్మ ముందు గుంపు కట్టారు.

"మబ్బు ఏ దిక్కునుంచి వచ్చిందప్పా?" అని అడిగింది ఒకామె.

నేను దిక్కు గురించి ఆలోచించలేదు. "ఎడమ పక్క నుంచి" అన్నాను.

"ఎడమంటే తూర్పా, పడమరా? పడమరైతే ఉత్త గాలే, పోతాది." "ఏం పోతాది? మసి మాదిరి ఉండాది చూడు, పడక యాడికి పోతాది?" అని వాళ్లలో వాళ్లకే వాదన పెరిగింది. మసి అన్న మాట దగ్గర నేను కొంచెం పక్కకు తిరిగాను.

ఇంతలో ట్యాంకరు వచ్చింది. వరసలో మొదటి బిందె నాగలమడిక అవ్వది. కూతురి కాన్పు కోసం పావగడ వచ్చి ఉంటున్న ముసలామె. నింపిన బిందె చంకన పెట్టుకుని ఇంటికి పోతూ, గుంపు చూసి లోపలికి వచ్చింది. బొమ్మ చూసి అట్లాగే నిలబడిపోయింది.

"ఇది మా ఏరు కదప్పా! ఈ బండమిందనే కదా నేను పెండ్లైన కొత్తలో గుడ్డలుతికింది. ఎంత నీళ్లొచ్చినాయమ్మా!"

(ఆ బండ నిజానికి ఒక ఎద్దు. సరిగ్గా కుదరక బండ చేశాను.)

ఏట్లో కొత్త నీళ్లు దిగితే ఆడవాళ్లు ఎదురువెళ్లి గంగమ్మకు పసుపు కుంకుమ ఇవ్వడం మా వైపు ఆచారం. అవ్వకు ఆ భాగ్యం కలిగి ఎన్నేళ్లయిందో. "ఎవురి దగ్గరన్నా పసుపు ఉండాదా?" అంది. ఎదురు కొట్టు నుంచి పసుపు, కుంకుమ, కర్పూరం వచ్చాయి. పసుపు వేళ్లు బొమ్మ నాలుగు మూలలా పడ్డాయి. నేను వద్దనేలోగా అవ్వ చంకలో బిందె పైకి లేచింది. "తల్లీ గంగమ్మా, బొమ్మలోకి వచ్చినావు, ఏట్లోకి గూడా రా" అని ఆ బిందెడు నీళ్లూ బొమ్మ మీద కుమ్మరించింది.

ముందు మబ్బు కదిలింది. వారాల తరబడి నేను ఆపి ఉంచిన వాన నిజంగానే ఏట్లోకి దిగింది. ఏరు ఫ్రేము దాటి గోడ మీదికి, గోడ మీద నుంచి టైలరు చిలక కాళ్ల దాకా పారింది. ఆడవాళ్లందరూ చేతులెత్తి మొక్కారు. గుమ్మం లోపల మా నాయన నిలబడి ఉన్నాడు, ఉతికిన చొక్కాతో. నా భవిష్యత్తు తేలే రోజు కదా, చూడటానికి వచ్చాడు. ఆయన చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడని అప్పుడు నేను గమనించలేదు.

"అవ్వా, ఏం చేస్తివి అవ్వా! నా బొమ్మ పాయె, నా బతుకు పాయె!" అని అరిచాను.

అవ్వ నా గడ్డం పట్టుకుంది. "బొమ్మే కదప్పా, మళ్లీ గీస్తువులే. నీళ్లా ఏమన్నా, మళ్లీ దొరకవనేకి?" అంది. నన్ను ఓదార్చడానికే అంది పాపం. అన్న తర్వాత బిందెలోకి తొంగి చూసింది. ఇంట్లో పచ్చి బాలింత ఉంది. అవ్వ ముఖంలో రంగు కూడా అప్పుడే దిగిపోయింది.

ఆ ముఖం నేను చూడలేకపోయాను. బిందె లాక్కుని ట్యాంకరు దగ్గరికి పరుగెత్తాను. "ఏమప్పా, ఆర్టిస్టువైతే వరస తప్పొచ్చునా?" అని వెనక్కి తోశారు. వరస చివర నిలబడ్డాను. బొమ్మ ఎట్లాగూ పోయింది, సారు వస్తే ఏం, రాకుంటే ఏం అనుకున్నాను. అట్లా అనుకోగానే సారు బస్సు దిగి గోడౌనులోకి వెళ్లారు. పైపు దగ్గరికి నేను చేరువవుతుండగా అయ్యవారు మెట్ల మీదికి వచ్చి రెండు చేతులూ ఊపడం మొదలుపెట్టారు. తలుపులోంచి నాకు సారు వీపు కనిపిస్తోంది. ఆయన పులి ముందు నిలబడలేదు, చంద్రుడి ముందు నిలబడలేదు. నా ఫ్రేము ముందు నిలబడ్డారు.

"పోప్పా, నిన్నే పిలుస్తాండారు" అంది ముందున్నామె.

"నా బిందె జరుపుతావా అక్కా?"

"నీళ్లు అడుగంటినాయి. నాది నిండితే చాలని నేనుండాను. నీ బిందెకు కాళ్లుండాయా, ముందుకు పోయేకి?"

ట్యాంకరు గలగలమంటోంది. అయ్యవారు ఇప్పుడు తువ్వాలు ఊపుతున్నారు. నేను కదల్లేదు. ధర్మం ఆలోచించి కాదు. అవ్వ మెట్ల మీద కూర్చుని నన్నే చూస్తోంది, అంతే.

లోపల జరిగింది తర్వాత తెలిసింది. సారు నా ఫ్రేము ముందు చాలాసేపు నిలబడి, "ఈ కలావిదరు ఎల్లి?" అని అడిగారట. ఈ చిత్రకారుడు ఎక్కడ అని. అయ్యవారు నోరు తెరిచేలోగా అవ్వ మెట్ల మీద నుంచే, "నీళ్లకు పోయినాడు సార్" అని చెప్పిందట. ఆ ఏడు తాలూకా మొత్తంలో అంతకంటే గట్టి కారణం లేదు కనుక సారు తల ఊపి, పక్కకు జరిగి, పులిని ఎంచుకున్నారు. పెయింటరన్న చేతులు తుడుచుకుని, "నాకు యాడ కుదురుతాది సార్, రేపు మడకశిరలో లారీ ఉండాది" అన్నాడు. అట్లా ఆ సీటు మరో తాలూకాకు పోయింది.

అడుగు నీళ్లతో ఎట్లాగో నిండిన బిందెను మా నాయనే నా భుజానికెత్తాడు. అవ్వ ఇంట్లో దించి ఇద్దరం తిరిగి వస్తున్నాం. అటక మాట నేనే ఎత్తాలా అని ఆలోచిస్తున్నాను.

"పుట్టినకాడ్నుంచి శేను చేస్తాండా" అన్నాడు చివరికి. "నా పైరు ఎండతాంటే ఎవురూ చెంబెడు నీళ్లు పోసి మొక్కలేదురా. నీ బొమ్మకు తాగే నీళ్లు పోసేసింది ఆ యమ్మ." ఇంకొంత దూరం నడిచాక, "రేపు శేనికి రావద్దులే. పైకి చూసేకి నేనొకణ్నే చాలు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆ కరువులో ఏడవడం కూడా నీళ్లు దండగేనని ఆపుకున్నాను.

వాన మాత్రం ఆ నెలలో పడలేదు. ఇప్పుడు నా గడ్డం నెరిసింది. ఎన్ని బోర్డులు రాశానో, ఎన్ని స్కూలు గోడలకు రంగులేశానో లెక్కలేదు. కోర్సు చదవలేదు గాని కుంచె వదల్లేదు. సారు నన్ను ఎందుకు పిలిచారో ఇప్పటికీ తెలియదు. మెచ్చుకోవడానికని కొన్ని రోజులు అనుకుంటాను, నేల ఎవడు తుడుస్తాడని అడగడానికని కొన్ని రోజులు అనుకుంటాను. రెండోదే అయి ఉంటుంది. కుర్రవాళ్లు వచ్చి, "మీరు ఎప్పుడన్నా ఎగ్జిబిషన్లో పెట్టినారా సార్? పెద్దోళ్లు చూసి ఏమన్నారు?" అని అడుగుతారు.

"ఏమో అన్నార్రా, నేను వినలేదు. నీళ్లకు పోయినాను" అంటాను. వాళ్లు తమాషాకు అన్నానని నవ్వుతారు. వాళ్లతో పాటు నేనూ నవ్వుతాను.