నొప్పి లేని గాయం

1994. ఆత్మకూరు బస్టాండు వెనక సందులో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్. అందులో నేను స్టాఫ్ నర్సుని. ఎనిమిది మంచాలు, ఒక డ్రెస్సింగ్ రూము, ఒక ఓపీ గది. ఓపీ అంటే చూపించుకుని మందులు తీసుకుని వెళ్లిపోయే రోగుల వరస. మర్రిపాడు, అనంతసాగరం, కలిగిరి, ఉదయగిరి, ఏ బస్సు వచ్చినా అందులో నలుగురైదుగురు మా మెట్లెక్కేవారు. డాక్టరుగారి హస్తవాసి మంచిదని పేరు. ఆ పేరు అబద్ధం కాదు, ఆయన తెలివిగల డాక్టరే. నా కోపమంతా అందుకే. తెలివితక్కువ మనిషై ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. రోగి బాధేమిటో ముందు నేను విని, రెండు ముక్కల్లో చీటీ మీద రాసి లోపలికి పంపాలి. ‘జ్వరం, మూడు రోజులు.’ ‘మోకాళ్ల నొప్పి.’ డాక్టరుగారు చీటీ చదివి, మనిషిని చూసీ చూడనట్టు చూసి, మందు రాసేవారు. మనిషికి ఒక నిమిషం. రోగి ఇంకో మాట చెప్పబోయేలోపు నేను తర్వాతి పేరు పిలవాలి. పిలిచేదాన్ని. నా గొంతు కూడా పెద్దదే.

ఆ ఏడాదే ఆయన మద్రాసులో ఎవరి దగ్గరో చూసొచ్చి ఫ్యామిలీ కార్డు పెట్టారు. ఏడాదికొకసారి డబ్బు కడితే ఇంటిల్లిపాదికీ కార్డు. కార్డు ఉన్నవాళ్లకు పక్క తలుపు, మెత్తటి కుర్చీ. చీటీ అక్కర్లేదు, తమ బాధ తామే నోరారా చెప్పుకోవచ్చు. కబురు పెడితే డాక్టరే ఇంటికి వస్తాడు. రైసుమిల్లు వాళ్లు, కాంట్రాక్టర్లు, బట్టల కొట్ల వాళ్లు వెంటనే తీసుకున్నారు. ఎవరి డబ్బు వాళ్లిష్టం, మనకెందుకు అనుకున్నాను. అయితే డాక్టరుకు రోజు పెరగదు కదా. వాళ్లకిచ్చిన గంటలు ఓపీ వరసలోంచి కోసిచ్చినవే. ఒక నిమిషం కాస్తా అర నిమిషమైంది.

ఎండాకాలం వెళ్తుండగా ఉదయగిరి నుంచి మస్తాన్ వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. కొండ కట్టెతో స్పూన్లు, గరిటెలు, ఫోర్కులు చెక్కే మనిషి. ఉదయగిరిలో ఆ పని చేసే కుటుంబాలు చాలా ఉన్నాయి, ఆ స్పూన్లు ఎక్కడెక్కడికో పోతాయి. ఎడమ చేత్తో కట్టె పట్టుకుని కుడిచేత్తో కత్తి ఆడిస్తుంటే కత్తి జారి ఎడమ చిటికెనవేలు తెగింది. ‘చేతి గాయం’ అని రాసి పంపాను. రెండు కుట్లు, డ్రెస్సింగ్, టీటీ అని తిరిగొచ్చింది. టీటీ అంటే ధనుర్వాతం రాకుండా వేసే సూది.

కుట్లకు ముందు తిమ్మిరెక్కే సూది వేయాలని మందు తీశాను. “అదేం వద్దు సిస్టరమ్మా, కుట్టేయండి” అన్నాడు మస్తాన్. కుట్టాను. సూది లోపలికి దిగుతుంటే ఆయన గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మూలుగు లేదు. నాకు భలే ముచ్చటేసింది. పక్కన సూదికే గుడ్లు తేలేస్తున్న ఒక మిల్లు గుమాస్తాకు ఆయన్ని చూపించి, మగాడంటే ఆయన, చూసి నేర్చుకో అని ఎకసెక్కం ఆడాను. ఇప్పుడు తల్చుకుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

నెల తిరక్కుండా మళ్లీ వచ్చాడు. ఈసారి అదే చేతి అంచున రూపాయి బిళ్లంత బొబ్బ. పొయ్యి మీది నుంచి అన్నం గిన్నె దించాడట. చెయ్యి కాలినట్టు తనకు తెలియనే లేదని, వాసనొస్తే పెళ్లాం చూసి అరిచిందని చెప్పాడు. పరధ్యానం మనిషివి అని నవ్వి, ‘కాలిన గాయం’ అని రాశాను. తెలియనే లేదు అన్న మాట చీటీ మీదికి ఎక్కలేదు. డాక్టరుగారు ఆయింట్‌మెంట్ రాశారు. తర్వాత రెండుసార్లు అదే చిటికెనవేలు పుండు పడి వచ్చాడు. రెండుసార్లూ ‘పుండు’ అని రాశాను. రెండుసార్లూ డ్రెస్సింగే. నాలుగోసారికి చిటికెనవేలు, దాని పక్క వేలు లోపలికి వంగిపోతున్నాయి. కట్టె పట్టు చిక్కడం లేదని డాక్టరుగారికి చెప్పబోయాడు. అప్పుడే నేను తర్వాతి పేరు పిలిచాను.

ఆ రోజు వెళ్తూ వెళ్తూ డ్రెస్సింగ్ రూము గుమ్మంలో ఆగాడు.

“సిస్టరమ్మా, ఆ కార్డు తీసుకుంటే డాక్టరు నా మాట ఇంటాడా?”

వింటాడు, తీసుకో మస్తానన్నా అన్నాను. చేతి పని మీద బతికే వాడివి, ఆలోచించకు అని కూడా చెప్పాను. మంచే చెప్పాననుకున్నాను. రెండు వారాలకు, ఉన్న నాలుగు మేకల్లో రెండు అమ్మి వచ్చి కార్డుకు డబ్బు కట్టాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్క తలుపులోంచి లోపలికెళ్లి, మెత్తటి కుర్చీలో అంచున కూర్చున్నాడు.

నేను పక్కనే ఉన్నాను. డాక్టరుగారు నవ్వుతూ పలకరించి, నొప్పి ఎక్కడ అని అడిగారు.

“నొప్పంటూ ఏం లేదు సార్. తెగినా లేదు, కాలినా లేదు. అదే నాకు అర్థం కాకుండా ఉండాది.”

డాక్టరుగారి పెన్ను ఆగిపోయింది. చొక్కా చేతులు పైకి మడవమన్నారు. మోచేతి కింద పాలిపోయిన మచ్చ ఒకటి. కళ్లు మూయించి, దూది పోగుతో ఆ మచ్చనూ చిటికెనవేలినీ తాకి, తెలుస్తోందా అని అడిగారు. తెలియలేదు. మోచేతి వెనక, గుంతలో ఉండే అల్నార్ నరాన్ని వేళ్లతో తడిమి చూశారు. చిటికెనవేలి వైపు స్పర్శనిచ్చే నరం అది. తాడులా లావెక్కి ఉంది. మొత్తం నాలుగు నిమిషాలు పట్టిందేమో. కుష్ఠు. నాలుగు నిమిషాల పని. ఇన్ని నెలలు, నాలుగు రాకలు, నా చేతులతో వేసిన రెండు కుట్లు, ఆ చేతికి కట్టిన అన్ని కట్లు. ఆయనకు తెలియక కాదు, అడగలేదు. అడగాలంటే పక్క తలుపులోంచి రావాలి.

అక్కడితో అయిపోయినా ఏదో సర్దుకునేదాన్ని. డాక్టరుగారు మస్తాన్‌కు జబ్బు పేరు చెప్పలేదు. చేతులు రెండుసార్లు డెట్టాల్‌తో కడుక్కుని నన్ను బయటికి పిలిచి, ఇతని కార్డు డబ్బు వాపసు ఇచ్చి గవర్నమెంటు ఆసుపత్రికి పంపెయ్యమన్నారు. కార్డు వాళ్లకు తెలిస్తే ఒక్కరు కూడా ఇటు రారట. ఆ కుర్చీని ఫినాయిల్‌తో కడిగించమన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. “నాలుగుసార్లు వచ్చాడు సార్. అప్పుడే ఒక్క మాట అడిగుంటే?” అన్నాను.

“రోజుకి డెబ్బై మంది కథలు వింటూ కూర్చోమంటావా సిస్టర్? ఓపీకి అంత టైమెక్కడిది?” అన్నారు.

డబ్బు నా చేత్తోనే తిరిగిచ్చాను. జబ్బు సంగతీ నేనే చెప్పాల్సొచ్చింది. వెనక వరండాలో కూర్చోబెట్టి చెప్పాను. మందు ఉందనీ, పూర్తిగా నయమవుతుందనీ, మందు మొదలెట్టాక ఎవరికీ అంటదనీ చెప్పాను. ఆయన తన రోగం గురించి కాదు, స్పూన్ల గురించి మాట్లాడాడు.

“నేను జేసేది నోట్లో పెట్టుకునే వస్తువు సిస్టరమ్మా. ఇది బయటపడితే నా ఒక్కడిదే కాదు, మా వీధిలో ఎవురి స్పూనూ ఎవురూ కొనరు.”

స్పూను వల్ల అంటదని నేనెన్ని చెప్పినా జనానికి ఎవరు చెప్పాలి? చెప్పాల్సిన డాక్టరే కుర్చీ కడిగిస్తున్నాడు. మర్నాడు సెలవు పెట్టి, బస్సెక్కి ఉదయగిరి వెళ్లి, మస్తాన్‌ను గవర్నమెంటు ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. నన్ను నమ్మి మేకలమ్మిన మనిషిని ఒంటరిగా ఎట్టా పంపను?

అక్కడ డాక్టరు నడివయసు మనిషి. రంగు పోయిన బల్ల, కాలు విరిగిన స్టూలు, బయట గేటు దాకా జనం. మస్తాన్ చేతిని తన రెండు చేతుల్లోకి, వట్టి చేతుల్లోకే, తీసుకున్నాడు. ఏం పని చేస్తావు, ఏ చేత్తో కట్టె పడతావు, మొదట మొద్దుబారింది ఎప్పుడు, కాళ్లలో ఉందా, ఇంట్లో ఎవరికైనా మచ్చలున్నాయా అని ఒకదాని వెంట ఒకటి అడుగుతూనే ఉన్నాడు. వరసలో ఒక పెద్దాయన, ఇంకెంతసేపయ్యా అని గొణిగాడు. డాక్టరు తలెత్తకుండానే జవాబిచ్చాడు.

“నీ వంతొచ్చినప్పుడు నిన్నూ ఇట్టనే చూస్తాను. కూచో పెద్దాయనా.”

ఎండీటీ మొదలెట్టారు. రెండు మూడు మందులు కలిపి, నెలకొక అట్టలో పెట్టి ఉచితంగా ఇచ్చే వైద్యం అది. మూత్రం ఎర్రగా వస్తుందని, ఒళ్లు నల్లబడుతుందని, భయపడి మానొద్దని ముందే చెప్పాడు. చివర్లో నా వైపు తిరిగి, నరం దెబ్బతిన్న కొత్తల్లోనే తీసుకొచ్చుంటే ఆ రెండు వేళ్లు నిలబడేవమ్మా అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నెల జీతం తీసుకుని ఆత్మకూరు ఉద్యోగం మానేశాను. తర్వాత చాలాచోట్ల పనిచేశాను. మంచి డాక్టరు ఎవరు సిస్టరమ్మా, ఫలానా చోట డబ్బు కడితే శ్రద్ధగా చూస్తారట, కట్టమంటారా అని జనం నన్ను ఇప్పటికీ అడుగుతారు. నేను ఒకటే చెబుతాను: ఒక్క పైసా కట్టకముందు వెళ్లి వరసలో కూర్చోండి. మీ ముందున్న బీదవాణ్ని ఆ డాక్టరు రెండో ప్రశ్న అడుగుతాడా లేదా చూడండి. అడిగితే అక్కడే ఉండండి. అడగకపోతే, మీకు అమ్మేది ఆ బీదవాడి దగ్గర లాక్కున్న టైమే. అట్లాంటి వాడు అవసరమైన రోజున మీ డబ్బు మీ మొహాన కొట్టి మిమ్మల్నీ బయటికి పంపుతాడు. నాకు మటుకు రోగి చెప్పిన మాటను కత్తిరించి రాయడం ఆ రోజుతో సరి. నా చీటీలు పొడుగని తర్వాత పనిచేసిన ప్రతిచోటా తిట్లు తిన్నాను.

మస్తాన్‌కు జబ్బు నయమైంది. మందు కోర్సు అయిపోయాక ఉదయగిరిలో వాళ్లింటికి వెళ్లాను. ఆ రెండు వేళ్లు వంగే ఉన్నాయి. కట్టెను పాదాల మధ్య బిగించుకుని చెక్కుతున్నాడు, మునుపు రోజుకి చేసేదాంట్లో సగం చేస్తున్నాడు. తిమ్మిరి సూది వద్దన్న రోజే నేను అనుమానపడాల్సిందని, తప్పు నాది కూడానని చెప్పాను. ఆయనకు నా మీద కోపం లేదు. పని ఆపి, వంగిన వేళ్లను కుడిచేత్తో సాపు చేయబోయాడు. అవి మళ్లీ ముడుచుకున్నాయి.

“డబ్బులంటే వాపసు ఇచ్చినాడు సిస్టరమ్మా. ఈ రెండూ ఎవురిస్తారు?”